రెండు రాష్ట్రాల మధ్య ఒక కొట్టు: సరిహద్దు వ్యాపారం మీద నిబంధనల భారం ఎలా పడుతోంది?

సంక్షిప్తంగా: జీఎస్టీ వచ్చి ఎనిమిదేళ్లు దాటినా మహారాష్ట్ర–తెలంగాణ సరిహద్దులోని తెలుగు వ్యాపారులకు రాష్ట్రాల మధ్య గీత చెరిగిపోలేదు. రిజిస్ట్రేషన్ పరిమితి, ఈ-వే బిల్లు (సరుకు బండితో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ పత్రం) పరిమితి, విత్తనాల అమ్మకం తేదీ, ప్లాస్టిక్ సంచి, మద్యం... గీతకు ఇవతల ఒక లెక్క, అవతల ఇంకో లెక్క. నిబంధన కఠినంగా ఉన్నందువల్ల కలిగే నష్టం కొంతే. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ రీతిలో అమలు చేస్తారో ముందుగా తెలియకపోవడం వల్ల కలిగే నష్టం అంతకంటే పెద్దది. పైగా లైసెన్సు తీసుకుని, బోర్డు పెట్టుకుని కూర్చున్నవాడే తనిఖీకి ముందుగా దొరుకుతున్నాడు.

## ఒకే సంత, రెండు చట్టాలు

నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్. చంద్రపూర్ జిల్లాలో రాజురా, జీవతి. గడ్చిరోలి జిల్లాలో సిరొంచ. ఈ తాలూకాల్లో తెలుగు ఇళ్లలోనూ వినిపిస్తుంది, కొట్ల దగ్గరా వినిపిస్తుంది. ధర్మాబాద్ ఎర్ర మిర్చికి పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి బాసర కూతవేటు దూరం. సిరొంచలో గోదావరి వంతెన ఎక్కి దిగితే కాళేశ్వరం. పెళ్లి సంబంధాలు, ఆసుపత్రులు, ఉద్దెర ఖాతాలు అన్నీ గీతకు రెండు పక్కలా అల్లుకుని ఉంటాయి.

దీనికి చరిత్ర కారణం. 1956 దాకా ఇదంతా, సిరొంచ మినహా, హైదరాబాద్ రాష్ట్రమే. ఇవాళ మహారాష్ట్రలో ఉన్న కిన్వట్, రాజురా తాలూకాలు అప్పట్లో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. ఇవాళ తెలంగాణలో ఉన్న ముధోల్, భైంసా ప్రాంతం నాందేడ్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో భాషను బట్టి వీటిని అటూ ఇటూ మార్చారు. పాలన మారింది కానీ సరుకు నడిచే దారి మారలేదు. మిర్చి, పత్తి, ధాన్యం ఎప్పటిలాగే దగ్గరి మార్కెట్‌కే పోతాయి. ఆ దగ్గరి మార్కెట్ చాలాసార్లు పక్క రాష్ట్రంలో ఉంటుంది.

గీత దాటే సరుకు మీద ప్రభుత్వాల నిఘా జీఎస్టీతో మొదలైంది కాదు. మహారాష్ట్ర 1972-73లో పత్తి గుత్త సేకరణ పథకం పెట్టింది. రైతు తన పత్తిని ప్రభుత్వ ఏజెన్సీకే అమ్మాలి, ప్రైవేటు వ్యాపారికి అమ్మకూడదు. సుమారు మూడు దశాబ్దాలు ఈ పద్ధతి నడిచింది. పథకం ధర బయటి ధర కంటే బాగున్న ఏడు పత్తి లోపలికి వచ్చేది. బయట ధర పెరిగిన ఏడు, లేదా సర్కారు డబ్బు ఆలస్యమైన ఏడు, రాత్రికి రాత్రి పొరుగు రాష్ట్రాల మార్కెట్లకు పోయేది. చెక్‌పోస్టులు పెంచినా ప్రవాహం ఆగలేదు, దారులు మాత్రం మారాయి. ధరలో తేడా ఉన్నంతకాలం సరుకు దారి వెతుక్కుంటుందన్నది ఈ ప్రాంతానికి పాత అనుభవమే.

## నలభై లక్షలు ఒక పక్క, ఇరవై లక్షలు ఇంకో పక్క

2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు “దేశమంతా ఒకే పన్ను” అన్నారు. పన్ను రేటు వరకూ అది నిజం. ఎవరు రిజిస్టర్ కావాలన్న దగ్గర లెక్క వేరు. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకులు అమ్మే వ్యాపారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 40 లక్షల టర్నోవర్‌కు పెంచారు. అయితే కొన్ని రాష్ట్రాలు పాత 20 లక్షల పరిమితిలోనే ఉండిపోయాయి. మహారాష్ట్ర 40 లక్షల జాబితాలో ఉంది. తెలంగాణ 20 లక్షల దగ్గర ఆగింది. ఏడాదికి 30 లక్షల అమ్మకం ఉన్న కిరాణా కొట్టు ధర్మాబాద్‌లో ఉంటే జీఎస్టీ నంబరు అక్కర్లేదు. అదే కొట్టు బాసరలో ఉంటే తప్పనిసరి.

ధర్మాబాద్ వ్యాపారికి ఇది లాభమే కదా అనిపిస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఈ మినహాయింపు సొంత రాష్ట్రంలో మాత్రమే అమ్ముకునేవారికి. జీఎస్టీ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, పన్ను వర్తించే సరుకును పక్క రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. లాతూర్‌లోనో పుణేలోనో ఉన్న కొట్టుకు ఈ షరతు పెద్దగా తగలదు, దాని ఖాతాదారులంతా మహారాష్ట్రవాళ్లే. ధర్మాబాద్ కొట్టుకు అలా కాదు. దాని సహజమైన మార్కెట్‌లో సగం గీతకు అవతల ఉంది. బాసర హోటల్‌కు నాలుగు బస్తాల మిర్చి పంపాడంటే, 40 లక్షల మినహాయింపు అతనికి ఉన్నా లేనట్టే.

కాంపోజిషన్ పథకానిదీ ఇదే కథ. కోటిన్నర టర్నోవర్ దాకా ఉన్న వ్యాపారి ఒక శాతం పన్ను కట్టి, లెక్కల బాదరబందీ తగ్గించుకోవచ్చు. కానీ ఈ పథకంలో ఉన్నవాడు పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. చిన్న వ్యాపారికి వెసులుబాటు కోసం తెచ్చిన రెండు ఏర్పాట్లూ సరిహద్దు చిన్న వ్యాపారికే అందకుండా పోతున్నాయి. ఇది ఎవరో కావాలని చేసింది కాదు. చట్టం రాసినప్పుడు లెక్కలోకి తీసుకున్న చిన్న వ్యాపారి, సొంత జిల్లాలోనే కొని సొంత జిల్లాలోనే అమ్మేవాడు. సరిహద్దు తాలూకా సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

మరి గీతకు అవతలి మనిషి స్వయంగా కొట్టుకు వచ్చి కొనుక్కుపోతే? రిజిస్టర్ అయిన వ్యాపారులను ఇది చాలాకాలం అయోమయంలో పెట్టింది. 2023 అక్టోబరు 1 నుంచి చట్టంలో ఒక మార్పు వచ్చింది. జీఎస్టీ నంబరు లేని ఖాతాదారుకు అమ్మినప్పుడు, బిల్లు మీద అతని చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే అమ్మకం ఆ రాష్ట్రంలో జరిగినట్టు లెక్క. రాష్ట్రం పేరు రాసినా చిరునామా రాసినట్టే. ఏమీ రాయకపోతే అమ్మినవాడి రాష్ట్రమే లెక్క. అంటే దెగ్లూర్‌లో ఫ్యాన్ కొన్న మనిషి బిల్లులో “తెలంగాణ” అని ఒక్క మాట పడితే, రెండుగా విడగొట్టి రాయాల్సిన సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా)కి బదులు, రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే ఐజీఎస్టీ రాయాలి. కట్టే మొత్తం ఒకటే, ఖాతా వేరు. పొరపాటున తప్పు ఖాతాలో కడితే, సరైన ఖాతాలో మళ్లీ కట్టి, మొదట కట్టింది రీఫండ్ అడగాలి. వడ్డీ పడదు. కానీ ఆ డబ్బు చేతికి వచ్చేదాకా పెట్టుబడి ఇరుక్కుపోయినట్టే. వారంటీ కార్డు కోసం ఖాతాదారు అడ్రస్ అడిగి రాయడం కొట్టు కుర్రాడికి అలవాటు. ఆ అలవాటు పన్ను లెక్కను మారుస్తుందని అతనికి చెప్పేవాళ్లు ఉండరు.

## అరవై వేల మిర్చి, ఆరు వేల జరిమానా

ఈ-వే బిల్లు దగ్గర తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాష్ట్రాల మధ్య 50 వేల రూపాయలు దాటిన సరుకు నడిస్తే ఈ-వే బిల్లు ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా ఇదే నియమం. రాష్ట్రం లోపల తిరిగే సరుకుకు పరిమితి ఎంతన్నది ఆ రాష్ట్రం ఇష్టం. మహారాష్ట్ర దాన్ని లక్ష రూపాయలుగా పెట్టుకుంది.

ధర్మాబాద్ మిర్చి వ్యాపారి 60 వేల రూపాయల ఎండుమిర్చి బండికి ఎత్తించాడనుకుందాం. బండి నాందేడ్‌కు పోతే ఈ-వే బిల్లు అక్కర్లేదు. నిజామాబాద్‌కు పోతే కావాలి. దూరం చూస్తే నాందేడ్ కంటే నిజామాబాద్ దగ్గర. దగ్గరికి పోయే సరుకుకు కాగితం ఎక్కువ, దూరం పోయే సరుకుకు తక్కువ. గుమాస్తా ఫోన్‌లో ఈ-వే బిల్లు తీశాడు. బండి నంబరు చివర్లో 6కు బదులు 9 పడింది. బాసర దాటాక తెలంగాణ పన్నుల శాఖ బృందం బండి ఆపింది. ఇప్పుడేమవుతుంది?

రెండు దారులున్నాయి. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 సెప్టెంబరు 14న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వాహన నంబరులో ఒకటి రెండు అంకెలు తేడా పడటం లాంటి చిన్న పొరపాట్లకు బండిని పట్టుకోకూడదు. వెయ్యి రూపాయల జరిమానాతో వదిలేయాలి. అధికారి దీన్ని చిన్న పొరపాటుగా చూస్తే అక్కడితో అయిపోయింది. ఇది ఆ బండికి తీసిన బిల్లు కాదు, పాత బిల్లుతో రెండోసారి సరుకు తోలుతున్నారని అనుమానిస్తే, బండిని, సరుకును పట్టుకునే అధికారమిచ్చే జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ వర్తిస్తుంది. అప్పుడు సరుకు యజమాని ముందుకు వస్తే పన్నుకు రెండు రెట్ల జరిమానా. ఎండుమిర్చికి 5 శాతం చొప్పున 60 వేల మీద పన్ను 3 వేలు, జరిమానా 6 వేలు. యజమాని రాకపోతే సరుకు విలువలో సగం, అంటే 30 వేలు.

అనుమానించడం అధికారి తప్పని అనలేం. ఒకే బిల్లు మీద నాలుగు ట్రిప్పులు తోలేవాళ్లు నిజంగానే ఉన్నారు. చిక్కంతా ఎక్కడంటే, వెయ్యికీ ఆరు వేలకూ మధ్య తేడా ఆ రాత్రి రోడ్డు మీద నిలబడ్డ అధికారి చూపును బట్టి తేలుతుంది. నోటీసుకు ఏడు రోజులు, ఆ తర్వాత ఆర్డరుకు ఏడు రోజులు చట్టం గడువు ఇచ్చింది. అన్నిరోజులు బండి నిలిస్తే డ్రైవర్ బత్తా, బండి వెయిటింగ్, అదే బండిలో ఉన్న మిగతా వ్యాపారుల సరుకు, తేమకు రంగు తగ్గే మిర్చి... ఈ ఖర్చు ముందు ఆరు వేలు లెక్కలోకి రావు. అందుకే చాలామంది వాదనకు దిగకుండా ఆ రాత్రే కట్టేసి బండి విడిపించుకుంటారు.

అప్పీలుకు పోవచ్చు. జరిమానాలో 25 శాతం, ఇక్కడ 1,500 రూపాయలు, ముందే కట్టాలి. అప్పీలు మాత్రం బండిని పట్టుకున్న రాష్ట్రంలో వేయాలి. ఆరు వేల కోసం తెలంగాణలో న్యాయవాదిని పెట్టుకుని వాయిదాలకు తిరిగే ధర్మాబాద్ వ్యాపారి ఉండడు. ఈ సంగతిని చిన్నదిగా కొట్టిపారేయకూడదు. చిన్న కేసులు అప్పీలుకే రాకపోతే, కింది స్థాయి ఆర్డర్లలో ఏవి సరైనవో ఏవి కావో ఎవరూ తేల్చరు. పద్ధతి అలాగే కొనసాగుతుంది.

కోర్టు దాకా పోయినప్పుడు ఏమవుతుందో చూపించే కేసు హైదరాబాద్‌లోనే ఉంది. ఒక కాగితం వ్యాపార సంస్థ సరుకు ర్యాలీ వల్ల ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఈలోగా ఈ-వే బిల్లు గడువు తీరిపోయింది. అధికారులు బండి పట్టుకుని పన్ను, జరిమానా కట్టించుకున్నారు. గడువు తీరినంత మాత్రాన పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నట్టు కాదని తెలంగాణ హైకోర్టు వ్యాపారి పక్షాన తీర్పిచ్చి, 10 వేల ఖర్చులు విధించింది. శాఖ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 జనవరిలో అక్కడ ఇంకో 59 వేలు ఖర్చుల కింద కట్టమన్నారు. తీర్పు గట్టిదే. అంతదూరం పోగలిగిన స్తోమత ఆ సంస్థకు ఉంది కాబట్టి వచ్చింది.

## చెక్‌పోస్టు పోయింది, తనిఖీ పోలేదు

జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. లారీలు గంటల తరబడి బారులు తీరే దృశ్యం పోయింది. ఇది నిజమైన మేలు, తక్కువచేసి చెప్పడానికి లేదు. తెలంగాణ 2025 అక్టోబరులో రవాణా శాఖ చెక్‌పోస్టులను కూడా మూసేసింది. అయినా సరిహద్దు రోడ్డు మీద బండి ఆగే సందర్భాలు తగ్గలేదని వ్యాపారులు అంటారు. ఎందుకంటే ఆపేవాళ్లు మారారు. అటవీ శాఖ, ఎక్సైజ్, గనుల శాఖ, పౌరసరఫరాలు, పోలీసులు ఎవరి చట్టం ప్రకారం వాళ్లు ఆపుతారు.

ధాన్యం సంగతే తీసుకోండి. తెలంగాణ 2024 వానాకాలం నుంచి సన్నధాన్యానికి మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. పొరుగు రాష్ట్రాల ధాన్యం వచ్చి ఆ బోనస్ తినేయకుండా కొనుగోలు సీజన్‌లో సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెడుతోంది. తన ఖజానాను కాపాడుకోవడం ఆ రాష్ట్రం హక్కు. కానీ సిరొంచలో వడ్లు కొని అవతలి మిల్లుకు ఏళ్లుగా తోలే వ్యాపారికి, ఆ మిల్లు ప్రైవేటుదైనా, బోనస్‌తో సంబంధం లేకపోయినా, ఆ రెండు నెలలు దారి బిగుసుకుపోతుంది. ఇటు నుంచి అటు వడ్లు, అటు నుంచి ఇటు రేషన్ బియ్యం అక్రమంగా పోతున్నాయన్న మాట నిజమే కాబట్టి, కాగితాలు సరిగ్గా ఉన్న బండిని కూడా అదే కంటితో చూస్తారు.

ఎన్నికలు ఇంకో కోణం. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50 వేల కంటే ఎక్కువ నగదు ఆధారాలు లేకుండా దొరికితే సీజ్ చేస్తారు. సరిహద్దు వ్యాపారికి రెండు రాష్ట్రాల కోడ్‌లూ వర్తిస్తాయి. 2023 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ, 2024 వేసవిలో లోక్‌సభ, అదే ఏడాది నవంబరులో మహారాష్ట్ర అసెంబ్లీ. లోక్‌సభకే గడ్చిరోలి, చంద్రపూర్‌లలో ఏప్రిల్ 19న, నాందేడ్‌లో 26న, తెలంగాణలో మే 13న పోలింగ్ జరిగింది. ఏడాది తిరిగే లోపు ఇన్నిసార్లు నగదు మీద నిఘా ఉంటే, సంతలో పశువులు కొనేవాడు, మిర్చి రైతుకు అక్కడికక్కడే పైకం ఇచ్చే అడ్తిదారు ఏం చేయాలి? సీజ్ చేసిన సొమ్ముకు ఎన్నికలతో సంబంధం లేదని తేలితే తిరిగి ఇప్పించడానికి జిల్లా గ్రీవెన్స్ కమిటీ ఉంటుంది. డబ్బు తిరిగి వస్తుంది. ఆలోగా మార్కెట్‌లో రైతుకు ఇచ్చిన మాట తప్పుతుంది. అడ్తి వ్యాపారంలో ఆ మాటకున్న విలువ ఏ రసీదులోనూ కనిపించదు.

## బండి మీది నిఘా నుంచి బిల్లు మీది నిఘాకు

రోడ్డు తనిఖీ కంటికి కనిపిస్తుంది. అంతకంటే ఎక్కువ డబ్బు ఇప్పుడు కనిపించని చోట చిక్కుకుంటోంది. కొనుగోలు మీద కట్టిన పన్నును అమ్మకం పన్నులోంచి తగ్గించుకోవడమే జీఎస్టీకి ప్రాణం. దీన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు తన రిటర్న్‌లో ఆ బిల్లు చూపిస్తేనే కొన్నవాడికి క్రెడిట్ వస్తుంది. అంతటితో అయిపోలేదు. అమ్మినవాడు బిల్లు చూపించి, పన్ను రిటర్న్ మాత్రం వేయకుండా వదిలేస్తే, కొన్నవాడు తర్వాతి నవంబరు 30లోగా ఆ క్రెడిట్‌ను వెనక్కి ఇచ్చేయాలి.

కిన్వట్‌లోని ఒక సిమెంటు కొట్టు ఆదిలాబాద్ హోల్‌సేలర్ దగ్గర లక్ష రూపాయల సరుకు తెచ్చిందనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ లెక్కన 18 వేలు. పక్కా బిల్లు ఉంది, బ్యాంకు ద్వారా డబ్బు పంపారు, సరుకు గోదాములో దిగింది. హోల్‌సేలర్ రిటర్న్ ఎగ్గొట్టాడు. కిన్వట్ కొట్టు మీద అధికారం ఉన్న నాందేడ్ అధికారికి ఆదిలాబాద్ హోల్‌సేలర్ మీద అధికారం లేదు. ఆ 18 వేలు ఎవరి దగ్గర రాబట్టడం తేలిక? తన పరిధిలో, తన చిరునామాలో ఉన్న కొన్నవాడి దగ్గర. తప్పు ఒకరిది, కట్టేది ఇంకొకరు. రాష్ట్రం లోపలి వ్యాపారంలోనూ ఈ ఇబ్బంది ఉంది. కానీ అక్కడ ఇద్దరూ ఒకే రాష్ట్ర శాఖ కింద ఉంటారు కాబట్టి తిరిగి అడగడానికి ఒక దారి ఉంటుంది.

నోటీసు చేరే తీరు కూడా చెప్పుకోవాలి. అది పోస్టులో రాదు, పోర్టల్‌లో ఉంటుంది. అది కూడా మామూలు నోటీసుల కింద కాకుండా “అదనపు నోటీసులు” అనే వేరే ట్యాబ్‌లో పెట్టడం వల్ల వ్యాపారులు చూడక, గడువు దాటి, ఏకపక్ష ఆర్డర్లు వచ్చిన కేసులు హైకోర్టుల దాకా వెళ్లాయి. సరిహద్దు తాలూకాల్లో చిన్న కొట్ల రిటర్న్‌లు నెలకోసారి జిల్లా కేంద్రంలోని సీఏ ఆఫీసు వేస్తుంది. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఓటీపీ కోసం ఫోన్ వస్తే చెప్పడం తప్ప పోర్టల్‌లో ఏముందో యజమాని చూసేది లేదు. ఈ పరిస్థితిలో “నోటీసు అందజేశాం” అన్న మాట చట్టం ప్రకారం నిజమే అయినా, కొట్టు యజమానికి దాని గురించి తెలిసేది బ్యాంకు ఖాతా ఆగిపోయిన రోజునే.

## అడ్రస్ ఉన్నవాడికే తనిఖీ

పత్తి విత్తనాల వ్యాపారం చూస్తే అమలులోని అసలు లోపం అర్థమవుతుంది. బీటీ పత్తి విత్తనం గరిష్ఠ ధరను కేంద్రం నిర్ణయిస్తుంది. 2025-26కు బీజీ-2 (రెండో తరం బీటీ) ప్యాకెట్ 901 రూపాయలు. అంతకుముందు ఏడు 864. డీలర్‌కు లైసెన్సు ఉండాలి, స్టాక్ రిజిస్టర్ రాయాలి, ప్రతి ప్యాకెట్‌కు లాట్ నంబరుతో బిల్లు ఇవ్వాలి. గులాబీ రంగు పురుగును అదుపు చేయడానికి, ముందుగా విత్తకుండా మహారాష్ట్ర కొన్ని సీజన్లలో జూన్ 1కి ముందు రైతుకు పత్తి విత్తనాలు అమ్మొద్దని డీలర్లను కట్టడి చేసింది. శాస్త్రం ప్రకారం సరైన నిర్ణయం. కానీ రాజురా రైతు అవతలికి పోయి మే నెలలోనే ప్యాకెట్లు తెచ్చుకోగలడు. నియమం పాటించిన రాజురా డీలర్ దగ్గర స్టాక్ మిగులుతుంది, పురుగుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కాబట్టి ఉద్దేశం కూడా నెరవేరదు.

గడ్డిమందును తట్టుకునే హెచ్‌టీబీటీ పత్తికి దేశంలో అనుమతి లేదు. అయినా ప్రతి వేసవిలో అది ఊళ్లలోకి వస్తుంది. 2019లో మహారాష్ట్రలో షేత్కరీ సంఘటన్ రైతులు బాహాటంగానే విత్తి నిరసన తెలిపారు. దాన్ని అమ్మేది బోర్డున్న కొట్టు కాదు. బైక్ మీద సంచి పెట్టుకుని సాయంత్రం ఊళ్లోకి వచ్చే మనిషి. బిల్లు ఉండదు. మొలక రాకపోతే అడగడానికి మనిషి ఉండడు, పరిహారానికి ఆధారం ఉండదు. తెలంగాణ నకిలీ విత్తనాల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) వాడుతోంది, టాస్క్‌ఫోర్స్‌లు దాడులు చేసి సరుకు పట్టుకుంటున్నాయి కూడా. కానీ రోజువారీ తనిఖీ మాత్రం రిజిస్టర్ ఉన్న కొట్టులోనే జరుగుతుంది. తనిఖీలు ఇన్ని చేశామని చూపించాల్సిన అధికారికి అడ్రస్ ఉన్న కొట్టు సులువు. సంచి మనిషిని వెతకాలంటే రాత్రులు, బండి, సమాచారం, పక్క రాష్ట్ర శాఖతో ఫోన్ కావాలి. ఫలితంగా రిజిస్టర్‌లో ఒక పేజీ ఖాళీగా ఉన్న డీలర్‌కు షోకాజ్ వస్తుంది, లైసెన్సే లేనివాడు పక్క ఊరికి పోతాడు.

ఇదే తర్కం మద్యం విషయంలో జిల్లా స్థాయిలో కనిపించింది. గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది. ఆడవాళ్లు, గ్రామాలు పోరాడి సాధించుకున్న నిషేధం అది, దాని వెనకున్న బాధ నిజమైనది. చంద్రపూర్‌లో కూడా ప్రజల ఒత్తిడితోనే 2015 ఏప్రిల్ 1 నుంచి నిషేధం పెట్టారు. ఆరేళ్ల తర్వాత 2021లో ఎత్తేశారు. ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది అక్రమ మద్యం, నేరాలు పెరగడం. లైసెన్సు ఉన్న కొట్లు, బార్లు, వాటిలో పనిచేసేవాళ్లు పోయారు. ప్రభుత్వానికి ఎక్సైజ్ ఆదాయం పోయింది. తాగుడు సరఫరా మాత్రం నది అవతలి నుంచీ, పక్క జిల్లాల నుంచీ నడిచింది. పక్కనే అమ్మకం చట్టబద్ధంగా ఉన్న చోట, అమలు చేసే బలగం పెంచకుండా నిషేధం పెడితే, వ్యాపారం ఆగదు, చేతులు మారుతుంది. నిషేధం మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు. అమలు లేని నిషేధం ఎవరికి లాభమన్న ప్రశ్నకు మాత్రం జవాబు.

## బోర్డు, సంచి

చిన్న విషయాల్లోనూ ఇదే తేడా. మహారాష్ట్ర 2018లో ప్లాస్టిక్ సంచులను నిషేధించి, మొదటిసారి దొరికితే 5 వేలు, రెండోసారి 10 వేలు, మూడోసారి 25 వేలు, జైలు అని ప్రకటించింది. అప్పట్లో గీతకు అవతలి కూరగాయల కొట్టు నిశ్చింతగా ఇచ్చే సంచిని ఇవతలి కొట్టు ఇస్తే ఐదు వేలు. కూరగాయలమ్మే మనిషికి అది రోజు సంపాదన కంటే చాలా ఎక్కువ.

దుకాణాల చట్టంలో మహారాష్ట్రే ఉదారంగా ఉంది. 2017 చట్టంలో పదిమంది కంటే తక్కువ పనివాళ్లున్న కొట్టుకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఇచ్చి, వివరాలు తెలియజేస్తే చాలన్నారు. 2022 సవరణతో మాత్రం చిన్న కొట్లు సహా అన్నిటికీ మరాఠీలో, దేవనాగరి లిపిలో బోర్డు తప్పనిసరి అయింది. మిగతా భాషల అక్షరాలు దానికంటే పెద్దవిగా ఉండకూడదు. తెలుగు బోర్డు పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు, పక్కన పెట్టుకోవచ్చు. సిరొంచ కొట్టుకు ఇది ఒక బోర్డు మార్పిడి ఖర్చు, అంతే. ముందే స్పష్టంగా చెప్పి, గడువిచ్చి, అందరికీ ఒకేలా వర్తింపజేస్తే వ్యాపారి సర్దుకుపోతాడనడానికి ఇలాంటి నిబంధనే ఉదాహరణ.

## మారుతున్నవి, మారాల్సినవి

శిక్షల విషయంలో కేంద్రం ధోరణి కొంత మారింది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో 42 చట్టాల్లోని 183 నిబంధనల్లో జైలు శిక్షలను తీసేయడమో, జరిమానాగా మార్చడమో చేశారు. 2025 నవంబరు 1 నుంచి, నెలకు రెండున్నర లక్షలకు మించి పన్ను క్రెడిట్ ఇతరులకు బదలాయించని చిన్న వ్యాపారికి మూడు పనిదినాల్లో జీఎస్టీ నంబరు ఇచ్చే పద్ధతి వచ్చింది. గీత దాటి అమ్మాలంటే మొదటి రూపాయి నుంచే నంబరు కావాల్సిన సరిహద్దు వ్యాపారికి ఇది పనికొచ్చే మార్పు. 2025 నవంబరు 21న 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఇన్‌స్పెక్టర్‌కు సలహా ఇచ్చే బాధ్యత కూడా కలిపారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ అప్పీలు ట్రిబ్యునల్‌ను ప్రారంభించారు. ఇన్నేళ్లూ మొదటి అప్పీలు ఓడిపోయినవాడికి హైకోర్టు తప్ప దారి లేదు. ఇప్పుడొకటి ఏర్పడింది.

వీటివల్ల పెద్ద సంస్థకు వెంటనే మేలు జరుగుతుంది. దానికి పన్నుల విభాగం ఉంటుంది, రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ ఉంటుంది, రెండు రాష్ట్రాల్లోనూ లాయర్ ఉంటాడు. గీత దాటడం దానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిక్. ఒకే నిబంధన ఖర్చు పెద్ద కంపెనీ కోట్ల టర్నోవర్ మీద పరుచుకుంటే కనిపించదు. ముప్పై లక్షల కొట్టు మీద పడితే నడుం వంగుతుంది. సరిహద్దు ఊళ్లలో చిన్న హోల్‌సేలర్లు ఒక్కొక్కరూ అవతలి ఖాతాదారులను వదులుకుని, సొంత రాష్ట్రానికే కుదించుకుపోయే అవకాశం ఉంది. ఆ ఖాళీలోకి ఆన్‌లైన్ కంపెనీలు ఒక పక్క, బిల్లులేని వ్యాపారం ఇంకో పక్క వస్తాయి. తరతరాలుగా రెండు పక్కలా నడిచిన సంతకు ఇది పెద్ద నష్టం.

చేయగలిగినవి కష్టమైనవేమీ కాదు. రిజిస్ట్రేషన్ పరిమితిని తెలంగాణ కూడా 40 లక్షలకు తీసుకుపోవచ్చు. పక్క రాష్ట్రానికి అమ్మే చిన్న సరుకు వ్యాపారికి కూడా ఒక పరిమితి దాకా మినహాయింపు ఇవ్వవచ్చు. సేవలు అందించేవారికి ఇప్పటికే 20 లక్షల దాకా అలాంటి మినహాయింపు ఉంది, సరుకులకే లేదు. 2018 నాటి చిన్న పొరపాట్ల సర్క్యులర్‌ను తెలుగులో, మరాఠీలో అచ్చువేసి బాసర, కాళేశ్వరం, పిప్పల్‌కోటి దారుల్లో తిరిగే ప్రతి తనిఖీ బండిలో ఉంచవచ్చు. బండి ఆపిన అధికారి తన నిర్ణయానికి ఆ సర్క్యులర్‌లో ఏ అంశం వర్తించిందో, వర్తించలేదో ఆర్డరులో రాయాలన్న నియమం పెడితే, ఆరు వేల జరిమానాకూ వెయ్యి జరిమానాకూ మధ్య తేడాకు కారణం కాగితం మీదకు వస్తుంది. ఇలాంటి చిన్న మొత్తాల అప్పీళ్లను వీడియోలో, వ్యాపారి ఉన్న ఊరి నుంచే విచారించడానికి చట్టం అడ్డు కాదు. విత్తనాల అమ్మకం తేదీని ఖరీఫ్‌కు ముందే రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు కూర్చుని ఒకటిగా నిర్ణయిస్తే, రాజురా డీలర్ దగ్గర స్టాక్ మిగలదు, మేలో అవతలికి పోవాల్సిన పని రైతుకూ ఉండదు.